ఇనుము పట్టని పోలమ్మ

తలలోని తెలివి నిద్రలో కారిపోతుందేమోనని గంగులు చెవుల్లో దూది కుక్కుకుని పడుకునేవాడు. అన్న తెలివంటే తమ్ముడు పైడయ్యకి మహా గురి. తల్లి పోలమ్మకి ఇద్దరి తెలివన్నా మురిపెమే.

ఒకనాడు పోలమ్మ పొయ్యి దగ్గర్నించి లేస్తూ, "ఒరే గంగులూ, కళ్ళు తిరుగుతున్నాయిరా!" అంది.

గంగులు ఆవిడ గడ్డం పట్టుకుని తేరిపార చూశాడు. "ఎక్కడే? ఉన్నచోటే ఉన్నాయి!"

అంతే, ఆవిడ కూలబడింది. గంగులు ఆవిణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు. అమ్మకేమైనా అయితే తనకింకెవరు?

డాక్టరు రక్తం పరీక్ష చూసి నిదానంగా చెప్పాడు. "ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్ర మింగుతోంది కదా, పొట్టలో పులుపు తగ్గిపోయింది. పులుపు చాలకపోతే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. అందుకే ఈ నీరసం. ఇంకో పరీక్ష చూసి రేపు మందు రాస్తాను."

"రేపటిదాకా ఎందుకురా తమ్ముడూ? పట్టకపోతే మనమే పట్టిద్దాం!" అన్నాడు గంగులు ఇంటికి రాగానే.

ఇంకేముంది, అట్లపెనానికి అన్నం మెతుకులు పూసి తల్లి పొట్టకి అంటించారు. పెనం ధబ్బున కిందపడింది.

"అన్నయ్యా, డాక్టరు చెప్పినట్టే పట్టట్లేదు!" పైడయ్య పెనం ఎత్తి చూపించాడు.

"పులుపు చాల్లేదురా!"

అంతే, కుండెడు చింతపండు పులుసు ఆవిడ పొట్ట మీద కుమ్మరించారు. పెనం ఇంకా జారింది. ఈసారి పెనానికి తోడు గునపమూ, బావి గిలకా చేర్చి తాడుతో బిగించారు.

"ఒరే, అడుగు పడట్లేదురా!" అని పోలమ్మ మూలిగింది.

"ఇనుమెక్కిందే అమ్మా! ఆ మాత్రం బరువుండదూ?" గంగులు పొంగిపోయాడు.

మర్నాడు ఆవిణ్ణి అలాగే ఆటోలో వేసుకెళ్ళారు. డాక్టరు తాళ్ళు విప్పలేక చెమటలు కక్కాడు.

"పట్టడమంటే రక్తంలో కలవడం నాయనా! ఇదిగో, ఇనుము మాత్ర. గ్యాస్ మాత్ర సంగతి నేను చూస్తాను, నన్నడక్కుండా మానొద్దు. రెండూ కలిపి మాత్రం మింగకూడదు. మధ్యలో బాగా ఎడం ఉండాలి, గుర్తుంచుకోండి."

ఇంటికొచ్చాక పోలమ్మ గ్యాస్ మాత్ర మింగింది. పైడయ్య ఇనుము మాత్ర జేబులో వేసుకుని బస్సెక్కాడు. కాసేపటికి ఫోను మోగింది.

"అన్నయ్యా, అన్నవరం దాటేశాను. ఎడం చాలా?"

"ఇంకాస్త వెళ్ళరా! అమ్మ ప్రాణంతో పని!"

పోలమ్మకి అనుమానం వచ్చింది. "ఒరే, మాత్ర అక్కడుంటే నేనిక్కడ ఎలా మింగుతానురా?"

గంగులు ప్రేమగా ఆవిడ చేతికి గ్లాసందించాడు.

"నీకెందుకే ఆ శ్రమ? మాత్ర వాడు మింగుతాడు. నువ్వు నీళ్ళు తాగు."