అగ్గి తెగులుకి నీళ్ళ మందు

ఏటి ఒడ్డున ఎద్దు పోలయ్యది ఒక వరిమడి, గట్టుకి అవతల నక్క నాంచారిది ఇంకోటి. ఎవరి మడిలో గింజ తక్కువైతే వాళ్ళు వచ్చే ఏడు కాడి మొయ్యాలని పందెం. నాంచారికి నిద్రెక్కడిది! మెడ వంచిన జాతా తనది?

అందుకే జానెడు జాగా వదలకుండా ఒత్తుగా నాటేసింది. పోలయ్య మాత్రం మధ్యమధ్య కాలిబాటలు తీశాడు.

“గాలికి దారిచ్చావా మరిదీ? గాలి వడ్లు కాస్తుందా?” అని పకపకా నవ్వింది.

కార్తీకంలో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడి జాడ లేదు. తెల్లారేసరికి ఒళ్ళు కొరికే చలి, ఆకుల మీద తడి. నాలుగోనాడు నాంచారి మడి నిండా కాలినట్టు మచ్చలు! గట్టు మీది కాకి చూసి, “అమ్మో, అగ్గి తెగులే!” అంది.

అగ్గి! ఆ మాట వినగానే నాంచారి గట్టు దూకింది. ఏట్లో నీళ్ళాడే ఏనుగు దగ్గరికి ఒకటే పరుగు.

“ఏనుగు తాతో! నా మడికి అగ్గంటుకుంది! రా, రా!”

పాపం తాత, తొండం నిండా నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“ఆగు వదినా, ఆగు!” పోలయ్య గట్టు మీంచి అరిచాడు. “అది పేరుకే అగ్గి. అసలది బూజు! తడి ఆకంటే దానికి పెళ్ళిభోజనం. నీళ్ళు మొక్క కాళ్ళకి పెట్టు, నెత్తిన పొయ్యకు. ఆకు ఆరనీ!”

“ఓహో! నా మడి మాడితే నీకు కాడి తప్పుతుందనేగా? ఎవరి చెవిలో పూలు పెడతావు? తాతా, పొయ్యి! ఇంకా పొయ్యి!”

తా మునిగింది గంగ అనే రకం కదా! ఆ రోజంతా పోయించింది, మర్నాడూ పోయించింది. పోలయ్య వైపు ఒక్క చుక్క పడనివ్వకుండా కాపలా కూడా కాసింది.

ముసురు విడిచింది. పోలయ్య మడిలో బాటల వెంట గాలి దూసుకుపోయి ఆకు ఆరిపోయింది. నాలుగు మచ్చలు వచ్చినా అక్కడే ఆగాయి. నాంచారి మడిలో గాలి దూరే సందేదీ? మచ్చలు పాకి పాకి వెన్నుల మెడలు నల్లబడి విరిగాయి. కోతలనాటికి అంతా గింజ లేని తాలే!

నాంచారి బావురుమంది. “అన్ని నీళ్ళు పోసినా మాడిందేంటి మరిదీ!”

“పోశావు గనకే మాడింది వదినా. మెడ ఇలా పెట్టు, వచ్చే ఏడుకి కాడి కొలత చూస్తా. మొదటిరోజు కాస్త ఒరుసుకుంటుంది.”

తెగులు పేరు విని పరిగెత్తినవాడికి తాలు, దాని తీరు తెలిసి ఆగినవాడికి వడ్లు.