కావలివాళ్ళ పాతర

అనగనగా ఒక అడవి ఉండేదర్రా పిల్లలూ. ఆషామాషీ అడవి కాదు. ఆ చివర వేసిన కేక ఈ చివరికి చేరేసరికి, కేక వేసినవాడికి మనవలు పుట్టేవారు! అంత అడవికీ ఇద్దరే పెద్ద కావలివాళ్ళు. మంటలు ఆర్పడానికి గండయ్య అనే ఏనుగు. దొంగల్ని తరమడానికి చురకయ్య అనే రేచుకుక్క, అంటే అడవికుక్క.

గండయ్య గొప్ప ఏమని చెప్పమంటారు! ఒక ఎండాకాలం తూర్పు కొండ మొత్తం అంటుకుంది. మంట నాలుక చాచి చందమామ గడ్డం కాల్చబోయింది. గండయ్య వాగులో దిగి ఒక్క పీల్పు పీల్చాడు. వాగులో చేపలు నడక నేర్చుకున్నాయి! ఒక్క ఊదు ఊదాడు. మంట ఆరడమే కాదు, కొండకు జలుబు చేసింది. నమ్మరా? ఆ కొండ మీద సెలయేరు ఉంది చూడండి, అది కొండ ముక్కు కారడమే!

చురకయ్య తక్కువవాడా? తన నీడ కంటే ముందు పరిగెత్తేవాడు. చురకయ్య వస్తున్నాడని తెలిస్తే, గుడ్లు దొంగిలించిన ముంగిస వాటిని పొదిగి, పిల్లల్ని చేసి మరీ తల్లికి అప్పజెప్పి పోయేది.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఇప్పపూలు రాలే రోజుల్లో ప్రతి జాతీ తన తిండిలో కొంత ఎండబెట్టి పాతరలో పోసుకోవాలి. పాతర అంటే తిండి దాచుకునే గొయ్యి. పళ్ళూడి, కాళ్ళు చచ్చుబడ్డాక అదే ఆధారం. ఎవరి పాతర మూత వాళ్ళే తీయాలి, వాళ్ళే మట్టితో మెత్తాలి. ఒకరి మూత ఇంకొకరు తీయడం పెద్ద తప్పు. ఈ పద్ధతంతా కనిపెట్టుకుని ఉండేది ముళ్ళమ్మ అనే ముళ్ళపంది.

తూర్పు కొండ మంట ఆరిన ఏడు, ముళ్ళమ్మ కావలివాళ్ళను పిలిచింది.

"నాయనా గండయ్యా, మీకూ ఒక పాతర తవ్వించాను. అడవి మీకు పెట్టే తిండిలోంచి మీరూ ఒక చాటెడు పోస్తూ ఉండండి."

గండయ్య తొండం పైకెత్తాడు. "ఏంటత్తా ఇది? మంటలో దూకేది మేము. పొదల్లో హాయిగా పడుకునేది మీరు. వీపు కాల్చుకున్నది చాలదా? చాటలు కూడా మోయాలా?"

"కాలిన నీ వీపు చూస్తే నా కడుపు తరుక్కుపోతుందయ్యా. కానీ అందరితో పాటు..."

ముళ్ళమ్మ మాట పూర్తి కాలేదు. కొండముచ్చు కోటప్ప కొమ్మ మీంచి దూకాడు.

"ఛీ ఛీ! వీరుల చేత పోయిస్తామా? మనమంతా చచ్చామా? వాళ్ళ పాతర మూతకు ఒక కన్నం పెట్టండి. దారిన పోయే ప్రతివాళ్ళూ ఆ కన్నంలోంచి ఒక దోసెడు వేస్తారు. గండయ్య బావ ముసలాడయ్యాక కాలు మీద కాలేసుకుని తింటాడు!"

అడవంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు పొరుగు అడవిలో ఉరుము ఉలిక్కిపడింది.

చురకయ్య మాత్రం గండయ్య చెవిలో గొణిగాడు. "అన్నా, మనమూ ఓ దోసెడు వేద్దామే. పోయేదేముంది?"

"ఒరేయ్ చురకా! పులి తోక పట్టి గిరగిరా తిప్పినవాడివి. నువ్వు ఇప్పపూలు ఏరుతూ కనిపిస్తే అడవి నవ్వదా?"

గండయ్య పకపకా నవ్వాడు. చురకయ్య సిగ్గుపడి తనూ నవ్వాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఏళ్ళు గడిచాయి. ఒక ఏడు వాన మొహం చాటేసింది. ముళ్ళమ్మ కుంటుకుంటూ మళ్ళీ వచ్చింది.

"పోయకపోతే పోయారు. ఒక్కసారి వచ్చి మూత తీసి చూసుకోండయ్యా. మీ మూత నేను తీయకూడదు కదా."

"పోయనివాళ్ళం పోయి తొంగిచూస్తే ఏం బావుంటుందత్తా? మాట ఇచ్చినవాళ్ళను అనుమానించినట్టు ఉండదూ?" అన్నాడు గండయ్య.

ముళ్ళమ్మ నిట్టూర్చి వెళ్ళిపోయింది.

గండయ్య పళ్ళు అరిగాయి. కొమ్మ నమిలితే కొమ్మే గెలిచేది. చురకయ్యకు పళ్ళు ఊడిపోయాయి. నానబెట్టిన ఇప్పపూలు తప్ప ఇంకేదీ మింగుడు పడేది కాదు. ఇద్దరూ కొలువు దిగి, ఒక పొద్దున్న పాతర దగ్గరికి బయలుదేరారు. దారి పొడుగునా అందరూ దండాలు పెట్టారు.

గండయ్య కాలితో మట్టి పెళ్ళ తొలగించాడు. తొండంతో మూత లేపాడు.

పాతర అడుగు కనిపించింది. పురుగు పట్టిన పూలు నాలుగు. కాసింత పొట్టు. మిగతావన్నీ గులకరాళ్ళు.

"ఇదేంటర్రా?" అన్నాడు గండయ్య.

జింక ముందుకొచ్చింది. "కరువు ఏడు మేం వేయలేకపోయాం బాబాయ్. కుందేళ్ళు వేస్తున్నాయి కదా అనుకున్నాం."

"అయ్యో, మేం జింకలే వేస్తున్నాయనుకున్నాం!" అంది కుందేలు.

ఒక కుర్ర అడవిపంది అడిగింది. "తూర్పు కొండ ఎప్పుడు తగలబడింది? మేం పుట్టకముందా?"

కోటప్ప తల దించుకున్నాడు. అతని గడ్డమూ నెరిసింది. "వట్టి చేతులతో దాటిపోతే నలుగురూ చూస్తారని రాయి వేశాను బావా. లోపల టక్కుమంటే నిండుతోందనుకున్నారు. వచ్చే ఏడు పూలు వేద్దామనుకున్నా. ప్రతి ఏడూ అనుకున్నా."

ఒకప్పుడు గండయ్య ఘీంకరిస్తే చెట్ల మీద పచ్చికాయలు భయంతో ముగ్గిపోయేవి. ఆ రోజు కూడా నోరు తెరిచాడు. గాలి మాత్రమే వచ్చింది. ఎవరి మీద అరవాలి? మాట తప్పినవాళ్ళ మీదా? ఇన్నేళ్ళూ మూత ఎత్తి చూడని తన మీదా?

ముళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. "తప్పు నాదీ ఉందయ్యా. పద్ధతి పద్ధతి అంటూ కూర్చున్నాను. పద్ధతిని అవతల పారేసి ఆ మూత తీయాల్సింది."

ఆమె తన పాతరలోంచి సగం తెచ్చి పెట్టింది. జింకలు కొంత, కుందేళ్ళు కొంత తెచ్చాయి. వాళ్ళ ముసలివాళ్ళకే చాలీచాలని తిండి అది. ఏనుగు కడుపుకు ఏ మూలకు? గండయ్య తన ముందున్నదంతా తొండంతో చురకయ్య వైపు నెట్టాడు.

"తినరా."

"నువ్వో?"

"నాకు ఆకలి లేదు."

"ఏనుగుకు ఆకలి లేదంటే నమ్మడానికి నేను నిన్నకాక మొన్న పుట్టానా?" అని నవ్వాడు చురకయ్య. రెండు పూలు చప్పరించి పక్కకు వాలిపోయాడు. అప్పటికే డొక్కలు ఎండిపోయి ఉన్నాడు.

"ఆ రోజు నువ్వు వేద్దామన్నావు. నేను నవ్వాను," అన్నాడు గండయ్య.

"నేనూ నవ్వాను కదన్నా."

తొలకరి పడకముందే చురకయ్య కన్నుమూశాడు. ఇది పెంచి చెప్పే సంగతి కాదర్రా. అంతే జరిగింది.

మళ్ళీ ఇప్పపూలు రాలాయి. ఎముకల గూడులా మిగిలిన గండయ్య పాతర దగ్గర నిలబడ్డాడు. కొత్త కావలివాళ్ళు గుంపుగా వచ్చారు.

"మేమెందుకు పోయాలి తాతా? మంటల్లో దూకేది మేమే కదా. మా పాతర అడవే నింపాలి," అన్నాడు ఒక కుర్ర ఏనుగు.

"నింపాలి. నింపకపోతే గట్టిగా అడగాలి. అడగాలంటే ముందు లోపల ఎంతుందో మీకు తెలియాలి కదర్రా. మీ చాటెడూ మీరు పోయండి. పోసేటప్పుడు మూత తీయక తప్పదు."

గండయ్య తను ఏరిన పూలు తొండంలో పట్టుకున్నాడు. సగం దారిలోనే రాలాయి. మిగిలిన గుప్పెడూ పాతరలో వదిలాడు.

"నువ్వు కొలువు దిగావు కదా తాతా. ఇంకా పోయడం ఎందుకు? నువ్వు తినరాదా?" అన్నాడు కుర్ర ఏనుగు.

"ఇది నాది కాదురా," అన్నాడు గండయ్య. "చురకయ్య వంతు. కాస్త ఆలస్యమైంది."

నీతి: ఎంత గొప్ప కొలువు చేసినవాడికైనా పొగడ్త ముసలితనంలో కడుపు నింపదు, కాపాడేవాళ్ళు తమ వంతు వేయాలి, కాపాడబడేవాళ్ళు ఇస్తామన్న వంతు ఇవ్వాలి, ఇద్దరూ కలిసి మూత తీసి చూసుకోవాలి.