ఎనిమిదో ఎక్కం వచ్చే నెల

అనగా అనగా, వినే మీకు పుణ్యమూ చెప్పే నాకు ఓపికా ఆ నారాయణుడిచ్చుగాక, కుంభవరమనే రాజ్యం ఉండేది. అక్కడ కూర్మయ్య పంతులుగారి బడి. పొద్దున్నే పిల్లలు ఎక్కాలు ఎత్తుకుంటే ఊరంతా వినబడేది. లెక్క అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పరు!

"రామచంద్రా! నా గొంతు అరిగింది గానీ వీళ్ళకు లెక్క అంటలేదు" అని పంతులు రోజూ తల పట్టుకునేవాడు.

ఒకనాడు రాజుగారే వచ్చారు. "పంతులూ, ముగ్గుర్ని అడుగుతాను. ఒక్కరైనా తెలిసి చెబితే సరి. లేకుంటే రేపే బడి మూసి ఏనుగుల్ని కట్టిస్తాను. అవి కనీసం పాడవు!"

రాజుగారు ముందు పోలయ్యను లేపి అడిగారు:

"దేవుడి ఉత్సవానికి ప్రమిదలు పేర్పిస్తున్నాం. వరుసకు ఏడు, ఎనిమిది వరుసలు. మొత్తం ఎన్ని?"

పోలయ్య చేతులు కట్టుకున్నాడు. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు..." ఏడు ఐదుల దగ్గర రాజుగారు తుమ్మారు. వాడు ఆగాడు. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ "ఏడొకట్ల ఏడు..."

"మొదటికెందుకురా?"

"మధ్యలోంచి రాదు ప్రభూ!"

సింగన్న లేచి ఒక్క ఊపిరిలో పాడి "యాభై ఆరు" అన్నాడు. పంతులికి ప్రాణం లేచొచ్చింది.

"భేష్! మరి వరుసకు ఎనిమిది పెట్టి, ఏడు వరుసలు పేర్చితే?"

"అది ఎనిమిదో ఎక్కం ప్రభూ. పంతులుగారు వచ్చే నెల చెబుతారు."

పంతులు నుదురు కొట్టుకున్నాడు.

ఇక చెంచమ్మ. రాగం కుదరదని రోజూ గోడవైపు నిలబెట్టే పిల్ల. "ఇదా! అయిపోయింది, ఏనుగుల్ని తోలుకురండి" అని గొణిగాడు పంతులు.

ఆ పిల్ల పాడలేదు. చింతగింజలు తీసి, నేలమీద ఏడేసి చొప్పున ఎనిమిది వరుసలు పేర్చి లెక్కపెట్టింది.

"యాభై ఆరు ప్రభూ. ఇప్పుడు కాస్త ఇటు పక్కకు రండి."

రాజుగారు వచ్చారు.

"అక్కణ్ణుంచి చూస్తే వరుసకు ఏడు. ఇక్కణ్ణుంచి చూస్తే వరుసకు ఎనిమిది. గింజలు అవేగా! మనం జరిగితే అవెందుకు పెరుగుతాయండీ?"

రాజుగారు పకపకా నవ్వి, "నీ బడి నీకే దక్కింది పంతులూ!" అని సాగిపోయారు.

పంతులు చెంచమ్మ దగ్గరకొచ్చాడు. "ఓసి పిల్లా! ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పలేదేమే?"

"మీరు పాడమన్నారు పంతులుగారూ. చూడమని ఎప్పుడన్నారు?"

పంతులు నేలమీద ఆ పిల్ల పక్కనే చతికిలబడి, తన చేత్తో ఒక వరుస పేర్చాడు.

కాబట్టి నాయనలారా, తల్లులారా! పిల్లలకు లెక్కను ముందు కంటికి చూపించాలి, ఆ తర్వాతే నోటికి అప్పగించాలి.