వరాలమ్మ నమ్మని నొప్పి

పలాస దగ్గర ఒక జీడిపప్పు మిల్లులో వరాలమ్మ అనే మేస్త్రి ఉండేది. తన ఒంటికి తెలియని నొప్పి లోకంలో ఇంకెవరికీ ఉండదని ఆమె నమ్మకం.

ఆమె చేతికింద నలభై మంది ఆడవాళ్లు వరుసగా కూర్చుని పప్పుకు పొట్టు తీసేవారు. ఎవరైనా నడుం పట్టేసిందన్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా వరాలమ్మ ఒకే మాట అనేది. "పురుడైన ఇరవయ్యో రోజుకే నేను ఈ పీట మీద కూర్చున్నాను. నీకేం వచ్చింది?" అందులో అబద్ధం లేదు. ఆమె ఒళ్లు అలాంటిది.

ఆ వరుసలో ఆమె సొంత చెల్లెలు దమయంతి కూడా ఉండేది. వంగి వంగి కూర్చోవడంతో ఆమెకు నడుంనొప్పి పట్టుకుంది. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని, ఖాళీ కడుపున టీతో మింగేది. ఏడాదిగా రోజుకు రెండు. కొన్నాళ్లకు కడుపులో మంట మొదలైంది. ఒకరోజు అక్కను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది.

"అప్పా, విరేచనం తారులాగ నల్లగా అవుతోంది. ఒకసారి ఆసుపత్రికి వెళ్దామా?"

"ఏం తిన్నావో ఏమిటో! మజ్జిగ తాగు, అదే పోతుంది. పని జోరుగా ఉన్నప్పుడు ఆసుపత్రేమిటే?" అంది వరాలమ్మ.

దమయంతి మజ్జిగ తాగింది. నాలుగు రోజులకు నలుపు తగ్గింది. తన మాటే నిజమైందని వరాలమ్మ అందరికీ చెప్పుకుంది.

నెల తిరక్కుండానే ఒక మంగళవారం పొద్దున పదింటికి దమయంతి పెద్ద కేక పెట్టింది. కడుపులో కత్తి దిగినట్టుందని మోకాళ్లు ముడుచుకుని పక్కకు ఒరిగిపోయింది. పక్క పీట మీది ఊర్మిళ "ఆటో పిలుస్తానమ్మా" అంటూ లేచింది.

"కూర్చో!" అంది వరాలమ్మ. "నా చెల్లెలికో న్యాయం, మీకో న్యాయమా? దీన్ని పంపిస్తే రేపు అందరూ ఇలాగే పడుకుంటారు. గ్యాసే అది. సోడా పట్టించండి."

మధ్యాహ్నానికి నొప్పి కాస్త తగ్గినట్టయింది. దమయంతి గోడకు ఆనుకుని, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చుంది. "చూశారా?" అంది వరాలమ్మ. అది తగ్గడం కాదని, లోపల విషం పాకుతోందని అక్కడ ఎవరికీ తెలియదు. నాలుగింటికి దమయంతి ముఖం పాలిపోయి ఒళ్లంతా చెమటలు పట్టాయి. అప్పటికి గానీ వరాలమ్మ ఆటో పిలవలేదు.

దగ్గర్లోని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు. "నొప్పి ఎప్పుడు మొదలైంది? నొప్పి బిళ్లలు వాడుతోందా? విరేచనం ఎప్పుడైనా నల్లగా అయిందా?"

మూడింటికీ జవాబు వరాలమ్మకు తెలుసు. కానీ అప్పుడే పరుగెత్తుకొచ్చిన దమయంతి భర్త సింహాద్రి పక్కనే నిలబడి ఉన్నాడు. ఇంతసేపూ ఏం చేశావని అతను అడుగుతాడేమోనని ఆమెకు భయం వేసింది.

"అరగంటే అయిందండి. బిళ్లలూ అవీ ఏమీ లేవు. నలుపూ లేదు," అంది.

దమయంతి కళ్లు తెరిచి అక్క వైపు చూసింది. నొప్పికి ఓర్చుకోలేక మళ్లీ కళ్లు మూసుకుంది.

డాక్టరు గ్యాసుకు సూది వేయించి, కాసేపు చూద్దామన్నాడు. గంటన్నర గడిచేసరికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. ఎక్స్‌రే తీసి, వెంటనే అంబులెన్సులో శ్రీకాకుళం పంపించారు. అక్కడి సర్జను ఫిల్ము చూసి తలెత్తాడు.

"కడుపులో పుండుకు చిల్లు పడింది. నొప్పి బిళ్లలు వాడేవారికి ఇలాంటి పుండు పడుతుంది, దాని రక్తంతోనే విరేచనం నల్లబడుతుంది; చిల్లు దాకా రావడం అరుదు. పడితే మాత్రం ప్రతి గంటా విలువైనదే. ఆ ఆసుపత్రికి రావడానికి అరగంట ముందే నొప్పి మొదలైందని చీటీలో రాశారు, అలాగని ఎవరు చెప్పారు?"

సింహాద్రి వరాలమ్మ వైపు తిరిగాడు. ఆమె తల దించుకుంది.

"పొద్దున పదింటికి," అంది.

చిల్లు కుట్టారు. కానీ అప్పటికే చీము కడుపంతా పాకి, రక్తంలో విషం చేరింది. మూడో రోజు దమయంతి చనిపోయింది. సింహాద్రి వరాలమ్మను తిట్టలేదు, కొట్టలేదు. "వదినా, దినానికి నువ్వు రావద్దు," అన్నాడు. అంతే.

వరాలమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. రోజూ ఒక్కొక్కరి ముందూ ఆగి "ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగేది. "బాగుందమ్మా," అనేవారు అందరూ. ఒకరోజు ఊర్మిళ మణికట్టు వాచి ఉండటం చూసి "ఏమైందే?" అంది. ఊర్మిళ చెయ్యి కొంగు కిందికి లాక్కుని "ఏమీ లేదమ్మా" అంది. వరాలమ్మ ఎన్నిసార్లు అడిగినా ఆ కొంగు తీయలేదు.

ఎదుటి మనిషి నొప్పిని మన ఒంటితో కొలవకూడదు. చెప్పినప్పుడు నమ్మనివారికి, అడిగినప్పుడు చెప్పేవారు మిగలరు.