ఖాళీల భాష

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యంలో దున్నేదీ, నేసేదీ అంతా మరబొమ్మలే. ఒక్కో బొమ్మకు ఒక్కో భాష. ఆ భాషలో ఆజ్ఞ ఇస్తేనే కదులుతుంది, ముక్క తప్పితే మొండికేస్తుంది.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తనకొచ్చిన భాషే గొప్పదంటాడు, రెండోవాడు కాదు తనదంటాడు. చిన్నవాడు శశికేతుడికి ఆ తగువే పట్టదు. తాతలనాటి మూలపడ్డ భాషలూ, ఎవరో సరదాకి పుట్టించిన పిచ్చి భాషలూ, దొరికిందల్లా నేర్చుకునేవాడు. ఎవరి పిచ్చి వారికానందం!

ఒకనాడు వక్రనాసుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి మంజీరను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. విడిపించబోయిన అన్నలిద్దరూ తమ భాష అన్ని బొమ్మలకూ వచ్చనుకుని వాడి కోట మొదటి గుమ్మంలోనే శిలలైపోయారు. శశికేతుడు వెక్కివెక్కి ఏడ్చి, కళ్లు తుడుచుకుని బయల్దేరాడు.

ఒక ముసలి తాబేలు అతణ్ణి వీపునెక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. "నాయనా, వాడి ప్రాణం మూడో గుమ్మంలో చిలకలో ఉంది. గుమ్మానికో మరబొమ్మ కాపలా. ఆజ్ఞలో ముక్క తప్పావో, నువ్వూ రాయివే" అంది.

మొదటి బొమ్మకు చెవుల్లేవు. శశికేతుడు తాతలనాటి చిల్లుల భాషలో తాటాకుకు చిల్లులు పొడిచి ఇచ్చాడు. అది వేళ్లతో తడిమి చదువుకుని తలుపు తీసింది.

రెండో బొమ్మకు దివాను గారంత దర్జా. ముందు తన పేరూ, తర్వాత తెచ్చిన సరంజామా, ఆఖరికి కావలసిన పనీ, వరస తప్పకుండా దండకంలా అప్పజెప్పాడు. అదీ దారిచ్చింది.

మూడో బొమ్మ చేతిలో చిలక పంజరం. పక్కనే వక్రనాసుడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "దీనికి ఏ మాటా చెవికెక్కదురా" అన్నాడు.

శశికేతుడికి తాను నేర్చిన పిచ్చి భాషల్లో ఒకటి చటుక్కున వెలిగింది. మాట చెవికెక్కని బొమ్మకు మాటల మధ్య ఖాళీలే మాటలు! వెంటనే చేతులు జోడించి, మాంత్రికుణ్ణి మునగచెట్టు ఎక్కించడం మొదలెట్టాడు. "మహానుభావా..." అని కాస్త ఆగాడు. "మీ అంతటివారు..." అని ఇంకాస్త ఎక్కువ ఆగాడు. భయంతో నోట మాట రావడం లేదనుకుని వక్రనాసుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. బొమ్మ మాత్రం పొగడ్తలన్నీ వదిలేసి ఖాళీలే చదువుకుంది. పంజరం తెరిచి, చిలకను శశికేతుడి చేతిలో పెట్టింది.

చిలక మెడ విరిగింది, మాంత్రికుడు కూలిపోయాడు. రాళ్లైన అన్నలు లేచొచ్చి తమ్ముణ్ణి భుజాలకెత్తుకున్నారు.

చెర వీడిన మంజీరకు శశికేతుడితో పెళ్లి జరిగింది. పెళ్లిపీటల మీద ఆమె తనకూ ఆ ఖాళీల భాష నేర్పమంది. శశికేతుడు ఆమెను చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఇంకాసేపు ఊరుకున్నాడు. ఆమెకు అర్థమై, సిగ్గుపడి నవ్వేసింది. నెత్తిన తలంబ్రాలు నెరిసిన జుట్టయ్యేదాకా ఇద్దరూ ఆ రాజ్యాన్ని చల్లగా ఏలారు.