నూకాలు వీపు మీద ముళ్లు

ఒకప్పుడు, సముద్రంలో ఎవరికీ ఏ ఆయుధమూ లేని కాలంలో, వెలుగు దిగని లోతున ఒక రాయి ఉండేది. చుట్టూ ఎటు చూసినా బురదే. ఆ రాయి మీద నూకాలు అనే చిన్న చేప కాపురం ఉండేది. జానెడు కూడా ఉండదు. ఒళ్లంతా పట్టులా మెత్తన.

ఒకరోజు గంగమ్మ తల్లి కబురు పెట్టింది. వచ్చినవాళ్లకి తలా ఒక వరం ఇస్తుందట! ఇంకేముంది, అడుగున ఉన్న తల్లులంతా బయలుదేరారు. మరి పిల్లల్నేం చేయాలి?

"నూకాలూ, మా పిల్లల్ని నీ రాయి కింద ఒగ్గి ఎల్తన్నామే. సిటికెలో వచ్చేత్తాం" అంది పీతమ్మ.

"ఎల్లి రండమ్మా. నానున్నాను కదా" అంది నూకాలు.

తనకు మాత్రం వరం వద్దా? కావాలి. కానీ మాట ఇచ్చేసింది.

గంగమ్మ దగ్గర అందరినీ తోసుకుని ముందు నిలబడ్డవాడు సొరచేప మావ. పళ్లు అడిగి పుచ్చుకున్నాడు. కొత్త పళ్లు ఊరుకుంటాయా? పిల్లలన్నీ ఒకేచోట ఉన్నాయని విని, తిన్నగా రాయి దగ్గరికొచ్చాడు.

"ఏటే గుంటా, లెగు! పెద్దోలొస్తే తప్పుకోవాలని తెలీదా?"

"తప్పుకుంటాను మావా. ఈ పిల్లల అమ్మల్ని రానీ."

నూకాలుకి భయం వేయలేదా అంటే, వేసింది. ఆ వణుకు రాయికి తెలిసింది గానీ, సొరకి తెలియనివ్వలేదు. పిల్లలున్న రాతి కన్నానికి అడ్డంగా మేకులా బిగుసుకుపోయింది. వీపొక్కటే పైకి కనబడుతోంది.

సొర ఆ వీపుని పళ్లతో గీరాడు, పీకాడు, చీరాడు. మెత్తని చర్మం పీలికలైపోయింది. నూకాలు కదల్లేదు. చివరికి తల్లులొస్తున్న అలికిడి విని, "రేపొస్తానుండు!" అని వెళ్లిపోయాడు.

పిల్లల్లో ఒక్కటి కూడా తగ్గలేదు. నూకాలు వీపు చూసి తల్లులంతా బావురుమన్నారు. సంగతి తెలిసి గంగమ్మే వరాల కుండ చంకనబెట్టుకుని దిగివచ్చింది.

"వేగం అయిపోయింది, బలం అయిపోయింది. కుండ అడుగున విషమే మిగిలిందే తల్లీ. నోట్లో పొయ్యనా? ఎవుల్ని కావాలంటే ఆల్ని కరవొచ్చు."

నూకాలు తలెత్తింది. "నోట్లో వద్దమ్మా. నానెవుల్నీ కరవను. నా యీపు మీదెట్టు. నా మీదకొచ్చినోడికే తగులుద్ది. తన దారిన తాను పోయినోడికి ఏటీ అవదు."

గంగమ్మ మొహం వెలిగిపోయింది. చిరిగిన వీపు మీద వరసగా ముళ్లు నాటి, ముల్లుముల్లుకీ విషం నింపింది. పీలికలు కూడా కుట్టబోతే నూకాలు ఒప్పుకోలేదు.

"ఉండనీ అమ్మా. అవి ఊరికే రానేదు."

మర్నాడు సొరమావ అన్నంత పనీ చేశాడు. వచ్చి, వీపు మీద పళ్లు ఆనించాడు. అంతే! "ఓలమ్మో!" అంటూ బురదంతా రేపుకుని పరుగో పరుగు. కన్నంలోంచి పిల్లలు తొంగిచూసి ఒకటే నవ్వు.

అప్పటినుంచే ఆ చేప వీపంతా పీలికలు, వాటి నడుమ విషపు ముళ్లు. వలలో పడితే మనవాళ్లు కూడా చెయ్యి పెట్టకుండా కర్రతోనే తీస్తారు. ఈనాటికీ అది ఎవరి మీదికీ పోదు. ఎంతటివాడొచ్చినా రాయి మీంచి లేవదు.