బరువు తెలియని లాప్‌టాప్

మకరంద భూపతికి ఉన్నట్టుండి ప్రోగ్రామింగ్ పిచ్చి పట్టింది.

అంతకుముందు వీణ పిచ్చి, దానికి ముందు పావురాల పిచ్చి. వాటితో పోలిస్తే ఇది నయం. చప్పుడుండదు, రెట్టలుండవు.

ప్రభువులకు తోడుగా నేర్చుకోడానికి నన్ను పెట్టారు. గురువు లేకుండా నేర్చుకున్నవాణ్ణి. నా మొదటి ప్రోగ్రాంని రెండూ రెండూ కూడమంటే, ఆలోచించీ ఆలోచించీ కంప్యూటర్నే ఆపేసింది. లాప్‌టాప్ కూడా మూత రంగు నచ్చి కొన్నాను. కాబట్టి ఈ కథలో నేను గెలవను, చూస్తుంటానంతే.

ప్రభువుల నివాసం కొండ మీది కోటలో, కచేరీ దూరపు ఊళ్ళో. ప్రజల కష్టం తెలియాలని రోజూ ప్యాసింజరు బండిలోనే వెళ్తారు, శనగల వ్యాపారి వేషంలో. ఆ ప్రయాణంలో ఏనుగుల మేత లెక్కకి ప్రోగ్రాం రాయాలని ఆయన సరదా.

ఓ రోజు నిండు సభలో అడిగారు. "బండిలో పోతూ ప్రోగ్రాం రాసుకోవాలి. తేలికైన లాప్‌టాప్ ఏదయ్యా?"

యంత్రాల మంత్రి సోమయామాత్యుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. "అన్నీ త్రాసులో వేసి తేలికది తెస్తాను, ప్రభూ. చిటికెలో పని."

"తేలిక అనేది త్రాసులో తేలదేమో, ప్రభూ," అంది నాంచారి. మేం పాడుచేసిన ప్రోగ్రాములు బాగుచేసే ఉద్యోగం ఆమెది. చేతినిండా పనే.

"ఏమ్మా నాంచారీ! త్రాసులో కాకపోతే జాతకంలో చూస్తావా?" అన్నాడు మంత్రి. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను, మంత్రి నావైపు చూస్తున్నాడని.

ప్రభువులకి ఉత్సాహం పుట్టింది. "అయితే పందెం! రేపు పొద్దుటి బండిలో ఇద్దరూ చెరొక లాప్‌టాప్‌తో ఎక్కండి. దిగేలోగా మేత లెక్క ప్రోగ్రాం నడవాలి. ఎక్కింది మొదలు దిగేదాకా ఎవరికి బరువు తెలియదో వాళ్ళదే గెలుపు. గెలిచినవాళ్ళకి యంత్రశాల తాళాలు."

"ఓడినవాళ్ళని ఏనుగుశాలలో పేడ లెక్క చూడమనండి, ప్రభూ," అన్నాడు మంత్రి నాంచారి వైపు చూస్తూ. "జీవితాంతం."

"అలాగే," అన్నారు ప్రభువులు.

యంత్రశాల తాళాలు అప్పటికింకా మంత్రి మొలలోనే ఉన్నాయి. నాంచారి లాప్‌టాప్ కోసం వెళ్ళేసరికి తేలికవన్నీ లోపలి గదిలో పెట్టి తాళం వేసి, ఒకటి బయట పెట్టాడు.

"ఇదొక్కటే మిగిలిందమ్మా. కాస్త పాతది."

పాతదంటే అలాంటిలాంటి పాతది కాదు. సన్నికల్లుకి మూత బిగించినట్టుంది. ఆమె ఇంటిదాకా మోసిపెడతానని గొప్పకి ఎత్తుకుని, వీధి మలుపులోనే తిరిగిచ్చేశాను.

"ఇక నీకు పేడేనా అమ్మా?" అన్నాను భుజం రుద్దుకుంటూ.

"బ్యాటరీ గట్టిది, మీటలు విడివిడిగా ఉన్నాయి. బరువు సంగతి బండే చూసుకుంటుంది లెండి," అంది.

మర్నాడు మంత్రి మనుషులు ముందే వచ్చి కిటికీ సీట్లో తువ్వాలు వేశారు. ఆయన దర్జాగా కూర్చుని లాప్‌టాప్ ఒళ్ళో తెరిచాడు. తమలపాకంత పల్చన! నాంచారి సరిగ్గా ఆయన మోకాళ్ళ ముందు నిలబడింది. మూలన శనగల మూటతో ప్రభువులు, పక్కన నేను.

మంత్రి ఒక వాక్యం రాశాడో లేదో, స్టేషనొచ్చింది. జనం తోసుకొచ్చారు.

మా బండిలో ఓ మర్యాద ఉంది. నిలబడ్డవాళ్ళ సంచులు కూర్చున్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకోవాలి. కాదంటే దిగేదాకా పెట్టె మొత్తం తిడుతుంది. పల్లకీలో తిరిగే మంత్రికి ఆ సంగతి తెలియదు.

ఒక క్యారేజీ వచ్చి ఆయన ఒళ్ళో పడింది. తర్వాత ఒక పుస్తకాల సంచి. తర్వాత ఓ కూరలామె వంకాయల గంప.

"ఏయ్! కింద లాప్‌టాప్ ఉంది!"

"ఏం కాదులే బాబూ, మెత్తగానే ఉంది. వంకాయలు నలగవు," అందామె.

తమలపాకు అడుగున పడి నిద్రపోయింది.

అప్పుడు నాంచారి వినయంగా వంగింది. "అమాత్యా, ఇది కూడా కాస్త పట్టుకుంటారా?"

"నేనెందుకు పట్టుకోవాలి?"

పెట్టెలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి.

"కూర్చున్నోడివే గదయ్యా!" అంది కూరలామె. "ఆడకూతురు అంత బరువుతో నిలబడితే కళ్ళు కనపడట్లా?"

"బండికి కొత్తలా ఉన్నాడు," అన్నారెవరో.

మంత్రికి చేతులు చాచక తప్పలేదు. సన్నికల్లు గంప మీదికెక్కింది. నిలబడ్డ మనిషి చేతికి సరిగ్గా అందే ఎత్తు! నాంచారి మూత తీసి, ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, రెండో చేత్తో టకటకా రాసుకుపోయింది.

"అమాత్యా, కాస్త కదలకుండా కూర్చోండి. అక్షరాలు తప్పుతున్నాయి."

పక్కన ప్రభువులకి శనగ గొంతుకి అడ్డం పడింది. వీపు మీద చరిచాను.

ఊరొచ్చేసరికి ఏనుగుల మేత లెక్క తెర మీద ముచ్చటగా నిలబడింది. మంత్రి మాత్రం నిలబడలేకపోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, కూలీలు రెక్కలు పట్టుకుని దించారు.

ప్లాట్‌ఫారం మీద ప్రభువులు తలపాగా తీసేశారు. "అమ్మో, శనగలాయన రాజుగారా!" అంది కూరలామె.

ఆయన నాంచారి లాప్‌టాప్ అందుకుని సగానికి వంగిపోయారు. "అబ్బా! ఏనుగుపిల్లలా ఉందే! దారంతా నీకు దీని బరువు తెలియలేదా?"

"నాకెలా తెలుస్తుంది, ప్రభూ? మోసిన అమాత్యుల్ని అడగండి."

"అన్యాయం, ప్రభూ!" మంత్రి గోలపెట్టాడు. "నా మోకాళ్ళు విరిగాయి! దారంతా నేనే మోశాను!"

ముందు కూరలామె నవ్వింది, తర్వాత ప్లాట్‌ఫారమంతా. ఈసారి ఎవరు చూస్తున్నారో చూడకుండా నేనూ నవ్వాను.

ప్రభువులు కళ్ళు తుడుచుకుంటూ మంత్రి మొలలోని తాళాలు తీయించి నాంచారి చేతిలో పెట్టారు. "మరి నన్నేది కొనమంటావు?"

"రోజూ అమాత్యులు దొరకరు కదా, ప్రభూ. దిగేదాకా బ్యాటరీ నిలిచేది, వేళ్ళు ఇరుకు పడనిది, నిలబడి ఒంటి చేత్తో పట్టుకోగలిగేది చూసుకోండి." ఆమె వంకాయల అడుగు నుంచి తీసిన తమలపాకుని తుడిచి మంత్రికి అందించింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి, అమాత్యా. పేడ లెక్కకి సరిపోతుంది."